సగమే దిగిన పిన్ను

పోయిన వారం మనం చిట్టిని ఆసుపత్రి ఓపీ హాల్లో, దుప్పటి కప్పిన మిషన్ పక్కన, గోళ్ళు కొరుక్కుంటూ ఉండగా వదిలి వచ్చాం. ఆ దుప్పటి కింద ఉన్నది ఆమె కష్టం మొత్తం. వచ్చిన మనిషి ఎవరినీ బతిమాలుకోకుండా తన ఫోన్ నంబరు తానే కొట్టి, తన టోకెను తానే తీసుకునే మిషన్ అది. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళ కోసం తెర కిందికి దిగుతుంది. చేతులు వణికేవాళ్ళని తొందరపెట్టకుండా ఆగుతుంది. చూపు లేనివాళ్ళకి చెవిలో మాట్లాడుతుంది. తెల్లవారితే ప్రారంభం. ఈలోగా ఆఖరి పరీక్ష ఒకటి మిగిలింది. అది చేయాల్సింది చిట్టి సొంత అక్క, ఆమెకి చూపు లేదు. మిషన్ తయారుచేసిన కంపెనీ యజమాని ఈ ఇద్దరికీ మేనమామ. ఆయనకీ తెలియని, అక్కకీ తెలియని సంగతి మనకొకటి తెలుసు. అక్క చూపుని మెల్లమెల్లగా మింగేసిన జబ్బే ఇప్పుడు చిట్టి కళ్ళలోనూ మొదలైంది. ఇదే ఆసుపత్రిలో, మేడ మీద కంటి విభాగంలో, ఎవరి కంటా పడకుండా ఆమె చూపించుకుంటోంది.

"జడ్జిగారు వేంచేస్తున్నారు" అన్నాడు మామయ్య, తలుపు వైపు చూసి.

అక్కకి ఇంట్లో ఆ పేరే. కాఫీలో చక్కెర దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ గొడవ దాకా దేనిమీదైనా తీర్పు చెప్పందే ఆమెకి నిద్ర పట్టదు. పైగా కాలేజీలో లెక్కలు చెబుతుంది కాబట్టి ఆ తీర్పు మీద అప్పీలు కూడా ఉండదు. తెల్ల కర్రతో నేల తడుముకుంటూ, మూలనున్న టీ మెషిన్ చప్పుడుని బట్టి దారి సరిచూసుకుంటూ, నేరుగా మిషన్ దగ్గరికే వచ్చి నిలబడింది.

ఎదురెళ్ళబోయిన చిట్టి కాలికి, 'నేల తడిగా ఉంది' అని రాసి పక్కన నిలబెట్టిన పసుప్పచ్చ బోర్డు తగిలింది. అది దభీమని పడింది.

"ఎవరే అది?"

"నేనే అక్కా."

"కళ్ళున్నదానివి, నాకంటే అన్యాయంగా నడుస్తావేమే?" అంది అక్క నవ్వుతూ.

చిట్టి కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదు కాబట్టి. ఆ బోర్డు ఆమెకి నిజంగానే కనబడలేదు. ఎదురుగా ఉన్నదంతా స్పష్టంగానే ఉంటుంది, పక్కన ఉన్నది మాత్రం ఉండదు. పోయిన ఏడాది దాకా ఉండేది.

"పరీక్ష తొందరగా కానివ్వండి" అంది అక్క. "మా పండు వస్తానంది, కారేసుకుని. లైసెన్సు వచ్చిన దగ్గర్నుంచీ దాని కాలు నేల మీద నిలవడం లేదు. ఇకనుంచి నన్నెవరూ చెయ్యి పట్టుకుని తిప్పక్కర్లేదట, తనే తిప్పుతుందట."

పండు అంటే అక్క కూతురు. చదువు పూర్తయి ఈమధ్యే ఉద్యోగంలో చేరింది.

"ఎందుకక్కా? మనం టాక్సీలో వెళ్ళిపోదాం. పండుని రావద్దను" అంది చిట్టి.

"భలేదానివే. అది కారు తోలుతుంటే పక్కన కూర్చోవాలని నేను ఎప్పట్నుంచి ఎదురుచూస్తున్నానో తెలుసా? నీ టాక్సీ నువ్వెక్కు."

చిట్టి ఇంకేదో అనబోయింది. అప్పటికే సూపరింటెండెంటు వచ్చేసింది. మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడేసుకుని, నడుస్తూనే ఇద్దరికి సంతకాలు పెట్టి, ముగ్గురిని కసిరి, మిషన్ ముందు ఆగింది. మనిషి చెడ్డది కాదు. రోజంతా మనుషుల గోల మధ్య బతికేవాళ్ళకి కొత్త గోల ఏదైనా చిరాకే. ఈ మిషన్‌కి గొంతు ఉందని తెలిసిన నాటినుంచీ ఆమెకి దానిమీద గుర్రుగానే ఉంది.

"మాట్లాడే మిషన్ నాకెందుకండీ? మాట్లాడే మనుషులతోనే చస్తున్నాను" అంటుంది ఎప్పుడూ.

మామయ్య దుప్పటి లాగేశాడు. హాల్లో సాయంత్రం డాక్టర్ల కోసం కూర్చున్నవాళ్ళు, వేరే కాలక్షేపం లేదు కనక, అందరూ ఇటే చూశారు. చక్రాల కుర్చీలో తిరిగే టైలరు ఒకాయన మధ్యాహ్నమే వచ్చి తెర ఎత్తు చూసి, మోకాళ్ళు కింద పట్టాయని సంతృప్తిపడి వెళ్ళాడు. ఇక మిగిలింది గొంతే.

అక్క సంచీలోంచి తన ఇయర్‌ఫోన్లు తీసింది. చెవులు రెండూ కప్పేసే పెద్దవి. తీగ చివర పిన్ను దగ్గర మెలి పడి తెగిపోతుంటే దానికి లావుపాటి రబ్బరు తొడుగు వేయించుకుంది.

"మనవే ఉన్నాయి కదమ్మా, కొత్తవి" అన్నాడు మామయ్య, డబ్బా విప్పుతూ.

"రేపట్నుంచి వచ్చేవాళ్ళందరికీ మీరు ఇయర్‌ఫోన్లు పంచిపెడతారా మామయ్యా?"

"అది కాదమ్మా..."

"మరి ఎవరివి వాళ్ళు తెచ్చుకునేటప్పుడు నావి నేను తెచ్చుకున్నాను. ఉండనివ్వండి."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చిట్టి పనిచేసే వర్క్‌షాపులో, మిషన్ బల్ల పక్కన గోడకి ఒక మేకుంది. ఆ మేకుకి ఒక జత ఇయర్‌ఫోన్లు వేలాడుతుంటాయి. గొంతు పరీక్ష చేయాలంటే ఎవరైనా అవే తీసుకోవాలి, పనయ్యాక మళ్ళీ మేకుకే తగిలించాలి. వాటి పిన్ను సన్నగా ఉంటుంది, బొక్కలోకి సులువుగా దిగిపోతుంది. ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్ళు తెచ్చుకునే మిషన్ తయారుచేస్తూ, అక్కడ పనిచేసే ఒక్కరు కూడా ఇంటి నుంచి తమవి తెచ్చి పెట్టి చూడలేదు. చిట్టి కూడా చూడలేదు. ఆ సంగతి ఆ క్షణాన ఆమెకి తట్టి ఉంటే ఈ వారం మనకి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

అక్క వేలితో తడిమి, బొక్క చుట్టూ ఉన్న గట్టు పట్టుకుని, పిన్ను గుచ్చింది. రబ్బరు తొడుగు ఆ గట్టుకి అడ్డుపడి పిన్ను సగంలో ఆగింది. అయినా చెవిలో టింగుమని చిన్న గంట వినబడింది. వినబడితే దిగినట్టే కదా అనుకుంది అక్క. ఎవరైనా అలాగే అనుకుంటారు.

తెర టప్పున నల్లబడింది. "ఏమైంది? పాడైపోయిందా?" అంది సూపరింటెండెంటు.

"లేదు మేడమ్. చెవితో వినేవాళ్ళు పెట్టిన వివరాలు వెనకనున్నవాళ్ళు తొంగిచూడకుండా తెర ఆర్పేస్తాం" అంది చిట్టి, కొంచెం గర్వంగానే. అది ఆమె ఆలోచనే.

ఇంకో ఆలోచన కూడా ఆమెదే. పిన్ను పెడితే గొంతు చెవిలో మాత్రమే రావాలి. పిన్ను లేకపోతే బయటి స్పీకరులోంచి రావాలి. ఇయర్‌ఫోన్లు మరిచిపోయి వచ్చినవాళ్ళు మూగ మిషన్ ముందు నిలబడి దిక్కులు చూడకూడదని, ఆ ఒక్క ముక్క కోసం వర్క్‌షాపులో అందరితో పోట్లాడి మరీ పెట్టించింది. మాట్లాడే ముందు అడిగేలా పెట్టవే అని అక్క అప్పట్లోనే అంది. చిట్టి ఆ మాట చెవిన వేసుకోలేదు.

"ఏ నంబరు కొట్టను?" అంది అక్క.

"మన ట్రయల్ నంబరు..." మామయ్య అందుకోబోయాడు.

"ట్రయల్ ఏమిటండీ? మధ్యాహ్నమే అసలు రికార్డులకి కలిపాం. నిజంది కొట్టించండి" అంది సూపరింటెండెంటు. "మేడమ్‌కి ఇక్కడ మోకాలి డాక్టరు దగ్గర పేరుంది కదా? అదే వస్తుంది."

అక్క తలూపి, ఐదు మీదున్న బొడిపె పట్టుకుని, అక్కడినుంచి కొలుచుకుంటూ అంకెలు నొక్కసాగింది. ఆ వేళ్ళ వేగం చూస్తే చిట్టికి ముచ్చటేసింది. మిషన్ని అంత ధీమాగా ముట్టుకున్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు.

ఆఖరి అంకెల దగ్గర చిట్టి ఒక అడుగు ముందుకు వేసింది.

అది అక్క ఫోన్ నంబరు కాదు, చిట్టిది. వాళ్ళింట్లో ఎప్పుడూ అంతే. గ్యాసుకైనా, బ్యాంకుకైనా, స్కూలు ఫీజుకైనా, ఎవరు నంబరు అడిగినా అందరూ చిట్టి నంబరే ఇస్తారు. మెసేజీలు చదివి చెప్పేది ఆమే కదా మరి. అక్క మోకాలికి పేరు రాయించినప్పుడూ అదే ఇచ్చారు. మేడ మీద కంటి విభాగంలో కిటికీ అవతలి అమ్మాయి నంబరు అడిగినప్పుడు, ఎంత గుట్టుగా వెళ్ళినా, చిట్టి నోట అలవాటుగా అదే వచ్చింది. ఒకసారి కాదు, రెండోసారి కూడా అదే వచ్చింది.

"అక్కా, ఆగు!"

చెవులు రెండూ కప్పుకున్న మనిషికి ఆ మాట వినబడలేదు. ఆకుపచ్చ మీట నొక్కేసింది.

హాలు దద్దరిల్లింది. వర్క్‌షాపులో మృదువుగా ఉందని అందరూ మెచ్చుకున్న ఆ ఆడగొంతు, హాలు మైకులకి దీటుగా వినిపించాలని రాత్రే పెంచి ఉంచారేమో, గోడలకి తగిలి మోగింది. ఈ నంబరు మీద మూడు అపాయింట్‌మెంట్లు ఉన్నాయంది. మొదటిది అంటూ చిట్టి అసలు పేరు, ఇంటిపేరుతో సహా, తాపీగా చదివింది. ఆ పేరు ఆఫీసులో సగం మందికి తెలియదు.

"కంటి విభాగం. రాత్రి చూపు, పక్క చూపు తగ్గుదల పరీక్ష. వంశపారంపర్య జబ్బు. రెండోసారి రాక."

కంటి డాక్టరు కోసం కూర్చున్న ముసలాయనలు ఇద్దరు తమనే పిలిచారనుకుని లేచి వరసలో నిలబడ్డారు. ఒకాయన కర్ర కోసం వెతుక్కుంటున్నాడు. పిన్ను తగిలితే చాలు ఆరిపోయే తెర మాత్రం నల్లగా, నిండా గుట్టుగా ఉంది.

చిట్టి ఒక్క గంతులో మిషన్ మీద పడింది. పిన్ను సగం బయటే ఉండటం అప్పుడు చూసింది. బొటనవేలు ఆన్చి బలమంతా పెట్టి నొక్కింది. రబ్బరు నలిగి, పిన్ను టక్కుమని దిగింది. రెండోది అంటూ మొదలెట్టిన గొంతు స్పీకరులో సగంలో తెగిపోయింది.

హమ్మయ్య అనుకుంది. మొదటి పేరు తనది. ఎలాగోలా పడొచ్చు. ఆ రెండో పేరు తనది కాదు. దాన్ని ఎవరికీ చెప్పనని ఆమె మాటిచ్చింది. అది బయటికి రాలేదు, అంతే చాలు.

అక్క ఇంకా ఇయర్‌ఫోన్లు తియ్యలేదు. కీప్యాడ్ మీద వేలు పెట్టిన చోటే ఉంది.

"ఎవరిదా పేరు?" అంది సూపరింటెండెంటు, కళ్ళజోడు పెట్టుకుంటూ. ఆమె చిట్టిని ఎప్పుడూ 'ఇంజినీరమ్మా' అనే పిలిచింది, పేరు ఏనాడూ అడగలేదు. "నేను అడిగేది వినబడుతోందా? మా పేషెంటు జబ్బు పేరు మీ మిషన్ హాలంతా టముకు వేసింది. ఎవరామె?"

మామయ్య చిట్టి ముఖంలోకి చూశాడు. ఆ పేరు పెట్టిననాడు ఉయ్యాల పక్కన నిలబడ్డ మనిషి ఆయన. ఆ ఒక్క చూపులో ఆయనకి అంతా అర్థమైంది. కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు ఆయన ముఖాన. కానీ వ్యాపారంలో తల పండినవాడు, రెప్పపాటులో తేరుకున్నాడు.

"ఎవరూ కాదండీ. మా కుర్రాళ్ళు ట్రయల్ కోసం వేసుకున్న పేరు. అసలు రికార్డుల్లో కలిసిపోయినట్టుంది, తీసేయిస్తాను."

"ఖాయమేనా? ఉత్తుత్తి పేరైతే నాకు గొడవ లేదు. రేపు మామూలుగా తెరిచేద్దాం. నిజం మనిషైతే మాత్రం ఈ మిషన్ మా గడప దాటి లోపల ఉండటానికి వీల్లేదు."

"ఖాయమండీ" అన్నాడు మామయ్య. అంటూనే చిట్టి వైపు ఓ చూపు చూశాడు. నోరు మెదపకు, తర్వాత చూసుకుందాం అని ఆ చూపుకి అర్థం. ఈ ఆసుపత్రి ఒప్పుకుంటే దీని శాఖలన్నీ ఒప్పుకున్నట్టే. అందుకోసం ఆయన ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాడో చిట్టికి తెలుసు. ఆమె ఊరుకుంటే చాలు. గుట్టు గుట్టుగానే ఉంటుంది, మిషన్‌కి రేపు రిబ్బను కత్తిరిస్తారు. ఎల్లుండి ఎవరో ఒకామె, లావు పిన్ను ఉన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తన ఒంట్లో సంగతి ఈ హాలంతటికీ వినిపించుకుంటుంది. వినిపించానని ఆమెకి తెలియను కూడా తెలియదు.

చిట్టి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

సూపరింటెండెంటుకి ఇంకా అనుమానం తీరలేదు. అప్పుడే ఇయర్‌ఫోన్లు మెడ మీదికి జార్చుకుంటున్న అక్క వైపు తిరిగింది. "మేడమ్, మీ పేరు రావాలి కదా, ఎవరిదో వచ్చిందేం? మీరు కొట్టింది మీ నంబరేనా?"

అక్క ముఖంలో రంగు లేదు. చెల్లెలి పేరు ఆమె చెవిలోనూ మోగింది కదా.

"ఎక్కడో తప్పు పోయి ఉంటుంది" అంది. "వేలు జారినట్టుంది. పక్క అంకె నొక్కేసి ఉంటాను."

మామయ్య ఊపిరి పీల్చుకున్నాడు. చిట్టికి మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. అక్క అంకె తప్పు నొక్కడమా? కాలేజీలో పిల్లల లెక్కలు నోటితో విని, ఎన్నో మెట్టులో తప్పు చేశారో చెప్పే మనిషి. తన తప్పు లేనిచోట ఒప్పుకోవడం జన్మలో చేతకాని మనిషి. చెల్లెలి కోసం నిలువునా అబద్ధమాడి, ఆ తప్పు తన నెత్తిన వేసుకుంది.

"అదే నేను మొదట్నుంచీ చెప్పేది" అంది సూపరింటెండెంటు, గొంతు మెత్తబరిచి. అలా మెత్తబరచడమే చిట్టికి భరించలేనిదయింది. "మేడమ్‌ని తప్పుపట్టడం లేదు. చూపు లేనివాళ్ళకి ఇవి కష్టం. మీరు ఆ గొంతు తీసేయండి, ఆ బొక్కకి బిళ్ళ బిగించేయండి. అటువంటివాళ్ళు వస్తే మా స్టాఫ్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు, వాళ్ళే అడిగి కొడతారు. ఎవరికీ బాధ లేదు."

"నాకుంది బాధ" అంది అక్క. "నా ఒంట్లో సంగతి మీ స్టాఫ్‌కి పైకి చెప్పుకోవాలి నేను. వెనక పదిమంది వింటుండగా."

"ఇప్పుడు జరిగిందేమిటి మరి? హాలంతా వినలేదా?"

అడ్డం తిరిగి వాదించే జడ్జిగారు తల వంచుకుని నిలబడటం చిట్టి చూసింది. ఇక ఆగలేకపోయింది.

"అక్క సరిగ్గానే కొట్టింది మేడమ్."

"చిట్టీ!" అన్నాడు మామయ్య.

"ఆ నంబరు నాది. ఆ పేరూ నాదే. ఉత్తుత్తి పేరు కాదు, మామయ్య నన్ను కాపాడాలని అలా అన్నారు. మీ కంటి విభాగంలో చూపించుకుంటున్నది నేనే." అని మిషన్ మీద చెయ్యి వేసింది. "తప్పు అక్కది కాదు, మిషన్‌ది. మిషన్‌ది అంటే నాది. పిన్ను పూర్తిగా దిగకపోతే స్పీకరు మోగేలా పెట్టించింది నేనే. అడగకుండా అది ఒక్క ముక్క పైకి అనకూడదు. అది మార్చేదాకా తెరవకండి. కానీ గొంతు తీసేయకండి."

"ఎందుకు తీసేయకూడదు? ఇంత జరిగాక కూడానా?"

"తీసేస్తే కొన్నాళ్ళకి అది నాకే పనికిరాదు మేడమ్. నేను కట్టిన మిషన్ ముందు నేనే నిలబడి, ఎవరన్నా వచ్చి చెయ్యి పట్టుకుంటారా అని చూడాలి. చూడటానికి కూడా ఉండదప్పుడు."

ఆ చివరి మాట ఆమె అనాలనుకోలేదు. వచ్చేసింది. వరసలో నిలబడ్డ ముసలాయన ఒకాయన చిన్నగా దగ్గాడు. సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి, గొలుసుకి వదిలేసి, ఆ నల్ల తెర వైపు చూసింది.

"నా జబ్బు ఇలా పదిమందిలో మోగితే నేను మీలా నిలబడి ఉండేదాన్ని కాదు" అంది. "దుప్పటి కప్పేయండి. రేపు ప్రారంభం లేదు. మార్చి తీసుకురండి, మళ్ళీ వీరితోనే పరీక్ష పెట్టిస్తాను. ఈసారి నా ఇయర్‌ఫోన్లు కూడా నేను తెస్తాను." అలా అని, వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయింది.

మామయ్య దుప్పటి కప్పి, అంచులు సరిచేస్తూ, చిట్టి ముఖం చూడకుండా మాట్లాడాడు. "మిషన్ పోతే ఇంకోటి కడతాం. ఇంత సంగతి కడుపులో పెట్టుకుని రోజూ నా ఎదురుగా కూర్చున్నావే. మేనమామని, నాకు చెప్పాలనిపించలేదా?"

"చెబితే ఈ పని నా చేతిలోంచి తీసేసుకుంటారని..."

"తీసుకునేవాణ్ణే" అన్నాడు ఆయన నిజాయితీగా. "ఇప్పుడు తీసుకోవాలో వద్దో నాకే తెలియడం లేదు. పొద్దున మాట్లాడదాం." తల విదిలించుకుని బయటికి నడిచాడు. నడకలో పొద్దున ఉన్న హుషారు లేదు.

డాక్టర్లు వచ్చారు. జనం ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. అక్క వెళ్ళి గోడవారగా ఉన్న స్టీలు కుర్చీలో కూర్చుంది. కర్ర మడిచి ఒళ్ళో పెట్టుకుంది. చిట్టి పక్కన కూర్చుంది.

"ఏదన్నా అనక్కా. తిట్టు."

"ఎప్పట్నుంచే?"

"పోయినేడాది నుంచి. మెట్లు దిగుతుంటే తెలిసింది."

"నాకూ మెట్ల దగ్గరే తెలిసింది" అంది అక్క. "నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే నువ్వు పడ్డదంతా నీకు మళ్ళీ మొదట్నుంచీ మొదలవుతుందని. నిన్ను బాధపెట్టడం ఇష్టంలేక."

"నా టోకెను నేను తీసుకోగలనని మిషన్ కట్టావు. నా బాధ నేను పడలేనని మాత్రం నీకు నువ్వే తేల్చేశావు. ఆ సూపరింటెండెంటు అన్నదానికీ నువ్వు చేసినదానికీ తేడా ఏమిటే?"

పుల్ల విరిచినట్టు అంది. కానీ చెయ్యి చాచి చెల్లెలి చెయ్యి వెతికి పట్టుకుంది. చిట్టికి ఏడుపు పొంగుకొచ్చింది. ఇంతకాలం దాచిన బరువు దిగిపోయినందుకో, అక్క చెయ్యి అంత వెచ్చగా ఉన్నందుకో ఆమెకే తెలియదు. కళ్ళు తుడుచుకుంది. అయిపోయింది, గండం గడిచింది అనుకుంది.

"ఇంకొకటి అడుగుతాను" అంది అక్క. చెయ్యి వదల్లేదు. "నువ్వొచ్చి పిన్ను గట్టిగా నొక్కావు చూడు. దాంతో బయట స్పీకరు ఆగిపోయింది. నా చెవిలో ఆగలేదు."

చిట్టి చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"మూడు అపాయింట్‌మెంట్లంది కదా. మూడోది నా మోకాలిది. ఆ రెండోది ఎవరిదో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"అక్కా... అదీ..." చిట్టి నీళ్ళు నమిలింది. "పండూనే వద్దంది. రిపోర్టులు వచ్చేదాకా అమ్మకి తెలియకూడదని ఒట్టేయించుకుంది. ఇంకా ఏమీ తేలలేదక్కా, అసలు ఏమీ లేకపోవచ్చు కూడా. చీకటి పడ్డాక కారు ముట్టుకోనని నాకు మాటిచ్చింది."

అక్క ముఖం గోడలా అయిపోయింది. హాల్లో టీ మెషిన్ ఒక్కటే గురగురమంటోంది.

"ఇందాక నువ్వు మామయ్యతో మాట్లాడుతుంటే ఫోన్ చేసింది. ఆఫీసులో ఆలస్యమైందట. ఇప్పుడే బయల్దేరుతున్నానమ్మా అంది. ఏం అనాలో తోచక రమ్మన్నాను" అంది. చిట్టి చెయ్యిని ఇంకా గట్టిగా పట్టుకుంది. "చిట్టీ, బయట చీకటి పడిందా?"

చిట్టి గబుక్కున తలుపుల వైపు తిరిగింది. ఆ అద్దాల అవతల మెట్లుండాలి, గేటుండాలి, గేటు దాటితే రోడ్డుండాలి. ఆమె కళ్ళకి అక్కడ నల్లటి గోడ తప్ప మరేమీ కనబడలేదు.

"పడిందక్కా."

అక్క ఫోన్ తీసి కూతురికి కలిపి, ఇద్దరికీ వినబడేలా స్పీకరు పెట్టింది. అవతల ఫోను మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కలిపింది. అది మోగుతూనే ఉంది.